ఒంట్లో కేన్సర్.. చేతిలో గోల్డ్ మెడల్: ఇండియా ఫుట్‌బాల్‌ను నిలబెట్టిన హైదరాబాదీ రహీం సాబ్

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఇండియా రెండుసార్లు గోల్డ్ కొట్టింది. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో. ఈ రెండింటి వెనకా ఉన్నది ఒక్కడే. మన హైదరాబాద్ టీచర్ సయ్యద్ అబ్దుల్ రహీం. కమలాపురం కుర్రాళ్లు ఇవాళ ఫోన్లో మెస్సీ, రొనాల్డో గోల్స్ చూసి ఈలలేస్తారు కానీ, ఈ పేరు ఎంతమందికి తెలుసు?

1909లో పుట్టిన రహీం స్కూల్లో పాఠాలు చెప్పుకుంటూనే ఫుట్‌బాల్ నేర్పేవారు. ఆయన చేతిలో పడ్డ హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1950లో ఇండియా టీమ్ బాధ్యత ఆయనకే దక్కింది.

దారి మాత్రం పూలబాట కాదు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా 10-1తో చిత్తు చేసింది. చలిలో మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతోనే ఆడారు. నాలుగేళ్లకే సీన్ మారిపోయింది. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఇండియా సెమీస్ చేరింది. నాలుగో స్థానంలో నిలిచింది.

అసలు పరీక్ష జకార్తాలో ఎదురైంది. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆతిథ్య దేశం రానివ్వలేదు. దీన్ని మన దేశ క్రీడా ప్రతినిధి జీ.డీ. సోంధీ తప్పుపట్టడంతో అక్కడి జనం ఇండియాపై మండిపడ్డారు. స్టేడియమంతా మనకు వ్యతిరేకమే. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీంకేమో అప్పటికే ఊపిరితిత్తుల కేన్సర్.

అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. కుట్లతో ఉన్న జర్నైల్‌నే ఫార్వర్డ్‌గా దించారు. సెమీస్‌లో గోల్ కొట్టిన జర్నైల్, సెప్టెంబర్ 4న ఫైనల్లోనూ కొట్టారు. మరో గోల్ పీకే బెనర్జీది. గోల్‌పోస్ట్ దగ్గర హైదరాబాదీ తంగరాజ్, దాడిలో సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం. మొదట ఓడించిన అదే కొరియాపై 2-1తో గెలుపు!

పది నెలలు తిరక్కుండానే, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. ఆ తర్వాత 1970లో ఒక కాంస్యం వచ్చిందే తప్ప, ఆసియా క్రీడల ఫుట్‌బాల్ గోల్డ్ మళ్లీ ఇండియాకు దక్కలేదు. 2024లో అజయ్ దేవగణ్ 'మైదాన్' సినిమా వచ్చాక గానీ కొత్త తరానికి ఈ పేరు చేరలేదు.