పాత్రకు తగిన పలుకు.. వేదం వారి నాటక ప్రస్థానం

నెల్లూరు: చాకలి చాకలిలాగా, సైనికుడు సైనికుడిలాగా, పండితుడు పండితుడిలాగా రంగస్థలంపై మాట్లాడాలన్నది నేడు ఎవరూ ప్రశ్నించని విషయం. నూట పాతికేళ్ల క్రితం మాత్రం ఈ ఒక్క మాట తెలుగు పండిత లోకాన్ని రెండుగా చీల్చింది. ఆ వాదానికి శాస్త్రాధారం చూపి, నాటకాలలో ఆచరించి, నెల్లూరులో నాటక సమాజాన్ని నెలకొల్పి ప్రదర్శనల ద్వారా నిరూపించిన ఘనత మహామహోపాధ్యాయ వేదం వేంకటరాయశాస్త్రిది. నాటకకర్తగా, వ్యాఖ్యాతగా, విమర్శకుడుగా సింహపురి సాహితీ చరిత్రలో ఆయనది చెరగని స్థానం.

మద్రాసు కొలువు.. నెల్లూరు మమకారం

వేదం వేంకటరాయశాస్త్రి 1853 డిసెంబరు 21న జన్మించారు. తండ్రి వేంకటరమణశాస్త్రి. ఇంట సంస్కృత విద్య, బయట ఇంగ్లీషు చదువు.. రెండింటినీ సమానంగా అభ్యసించిన తొలితరం తెలుగు పండితులలో ఆయన ఒకరు. మద్రాసు విశ్వవిద్యాలయం పట్టభద్రులై, మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో సంస్కృత పండితులుగా దాదాపు పాతికేళ్లు పనిచేశారు. ఆ కళాశాలకు అప్పట్లో అధిపతి విలియం మిల్లర్. షేక్స్‌పియర్ నాటకాలపై గ్రంథాలు రచించిన విద్యావేత్త ఆయన. ఒక గదిలో కాళిదాసు, పక్క గదిలో షేక్స్‌పియర్ పాఠాలుగా సాగే వాతావరణంలో శాస్త్రిగారి నాటక దృష్టి పదునెక్కింది.

నెల్లూరు అప్పట్లో మద్రాసు రాజధానిలో భాగం. తీరం వెంబడి సాగే బకింగ్‌హామ్ కాలువ పడవలపై సరకులతోపాటు మనుషులూ పుస్తకాలూ మద్రాసు నుంచి ఈ ప్రాంతానికి చేరేవి. ఉద్యోగం మద్రాసులో అయినా శాస్త్రిగారి నాటక కృషికి రంగభూమి నెల్లూరే అయింది.

నాటకం తప్పటడుగులు వేస్తున్న కాలం

శాస్త్రిగారు కలం పట్టేనాటికి తెలుగులో రంగస్థల నాటకం పసిబిడ్డ. యక్షగానాలు, వీధి భాగవతాలు, తోలుబొమ్మలాటలు పల్లెలను అలరిస్తున్నా, సంస్కృత, ఆంగ్ల నాటకాల ఫక్కీలో రచించి తెర కట్టి ఆడే పద్ధతి అప్పుడప్పుడే మొదలయింది. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తమ వ్యవహార ధర్మబోధినిని విద్యార్థులచేత ఆడించారు. ఆ దశాబ్దంలోనే ధార్వాడ నాటక సమాజం తెలుగు పట్టణాలలో పర్యటించి కొత్త మోజును రేకెత్తించింది. 1886లో బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదినీ సభను స్థాపించారు. 1892లో విజయనగరంలో గురజాడ కన్యాశుల్కం తొలిసారి ప్రదర్శితమైంది.

నాటకాలు పుట్టుకొస్తున్నాయి గాని వాటి భాష ఏమిటన్న చిక్కు మాత్రం తెగలేదు. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణం అప్పటికి పండితులకు శిరోధార్యం. దాని సూత్రాలకు లోబడని రచన రచనే కాదన్నది వారి నమ్మకం. రాజు పలికినా, ద్వారపాలకుడు పలికినా, తాగుబోతు పలికినా ఒకే గ్రాంథికం. పుస్తకంలో ఇది ఇంపుగానే తోచేది. రంగం మీదికి వచ్చేసరికి సేవకుడు అరసున్నలతో, దీర్ఘసమాసాలతో సంభాషించడం ప్రేక్షకులకు ఎబ్బెట్టుగా ఉండేది.

నాగానందంతో రేగిన దుమారం

1891లో శాస్త్రిగారు శ్రీహర్షుని నాగానంద నాటకాన్ని తెలుగు చేశారు. ఒక నాగకుమారుని ప్రాణం కోసం గరుడునికి తన దేహాన్ని అర్పించిన జీమూతవాహనుని కథ అది. ఉదాత్తమైన ఆ కథ నడుమ మూడవ అంకంలో తాగిన మైకంలో ఉన్న విటుడు, అతని సేవకుడు, విదూషకుడు కలిసి చేసే హాస్యఘట్టం ఉంది. మూలంలో ఈ పాత్రలు సంస్కృతం మాట్లాడవు, ప్రాకృతం మాట్లాడతాయి. తెలుగులో వారికి ఏ భాష ఇవ్వాలన్న ప్రశ్నకు శాస్త్రిగారు సూటిగా సమాధానం చెప్పారు. నీచపాత్రలనబడే వాటికి జనవ్యవహారంలోని గ్రామ్యాన్నే ప్రయోగించారు.

దీనిపై విమర్శల జడివాన కురిసింది. గ్రామ్యం కావ్యదోషమని లాక్షణికులు చెప్పగా, సంస్కృత పండితుడే దానిని అచ్చువేయించడమేమిటని ఆక్షేపించారు. శాస్త్రిగారు వెనుకంజ వేయలేదు. తమ వాదాన్నంతా గ్రామ్యభాషా ప్రయోగ నిబంధనమనే వ్యాసంగా రచించారు. తెలుగు నాటక శాస్త్ర చర్చలో తొలి మైలురాళ్లలో అదొకటి.

ఆయన వాదంలోని కీలకం సులభ గ్రాహ్యం. గ్రామ్యాన్ని సమర్థించడానికి ఆయన పాశ్చాత్యులను ఆశ్రయించలేదు, ప్రాచీన భారతీయ నాటక సంప్రదాయాన్నే సాక్షిగా నిలిపారు. భరతుని నాట్యశాస్త్రం నాటి నుంచీ పాత్రను బట్టి భాష మారుతూనే ఉంది. రాజులకు, పండితులకు సంస్కృతం. స్త్రీలకు, విదూషకునికి శౌరసేని. కింది తరగతి పాత్రలకు మాగధి. కాళిదాసు శాకుంతలంలో ఉంగరంతో పట్టుబడిన జాలరి, అతన్ని కొట్టుకుంటూ తెచ్చే రక్షకభటులు మాట్లాడేది ప్రాకృతమే. మహాకవులే జాలరికి అతని పలుకును ఇచ్చినప్పుడు, తెలుగు నాటకం అతని నోట వ్యాకరణ సూత్రాలు పలికించడం న్యాయం కాదన్నది శాస్త్రిగారి తర్కం. సంస్కృత నాటకంలో ప్రాకృతానికి ఉన్న స్థానం తెలుగు నాటకంలో గ్రామ్యానిదని ఆయన తేల్చారు. దీనినే పాత్రోచిత భాష అన్నారు.

కడలి అంచున బెస్తపాలేలున్న నెల్లూరు సీమ ప్రేక్షకుడికి ఈ వాదం శాస్త్రచర్చ లేకుండానే బోధపడుతుంది. జాలరి ఎలా మాట్లాడతాడో అతనికి తెలుసు. తోలుబొమ్మలాటలో రాముడు, రావణుడు పద్యాలు పాడుతుంటే నడుమ కేతిగాడు, బంగారక్క ఊరి భాషలో చతుర్లాడటం అతను తరతరాలుగా వింటున్నదే. పల్లె కళాకారులు సహజంగా పాటించిన మర్యాదకు శాస్త్రిగారు పండిత పరిషత్తులో శాస్త్రప్రతిపత్తి కల్పించారు.

ఓటమిని తిరగరాసిన ప్రతాపరుద్రీయం

శాస్త్రిగారి కీర్తికి శిఖరం 1897లో వెలువడిన స్వతంత్ర రచన ప్రతాపరుద్రీయ నాటకం. విశేషమేమంటే గురజాడ కన్యాశుల్కం తొలికూర్పు అచ్చయిందీ ఆ సంవత్సరమే. ఒకటి సమకాలీన సంఘాన్ని, మరొకటి కాకతీయుల చరిత్రను ఎంచుకున్నాయి. దారులు వేరైనా జనం మాటకు రంగస్థలంపై పీట వేసిన నాటకాలుగా రెండూ నిలిచాయి.

చరిత్రలో కాకతీయ ప్రతాపరుద్రుడు 1323లో ఓరుగల్లు పతనంతో తుగ్లక్ సేనకు బందీ అయ్యాడు. ఢిల్లీకి తరలిస్తుండగా నర్మదా తీరాన మరణించాడని శాసనాధారం. శాస్త్రిగారి నాటకంలో కథ మరోలా నడుస్తుంది. మోసంతో రాజును ఢిల్లీకి తీసుకుపోగా మంత్రి యుగంధరుడు పిచ్చివాని వేషంలో శత్రువు నగరంలో ప్రవేశిస్తాడు. అందరూ వెర్రిప్రేలాపన అనుకున్న అతని ప్రతిజ్ఞ చివరకు నిజమవుతుంది. రాజు విడుదలవుతాడు, సుల్తానే బందీ అవుతాడు. పరాయి పాలనలో ఉన్న నాటి తెలుగు ప్రేక్షకులకు ఈ గెలుపు కథ ఎంతటి ఊరటనిచ్చి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఈ కథకు నెల్లూరుతో మరో అనుబంధమూ ఉంది. సింహాసనం కోల్పోయిన నెల్లూరు ప్రభువు మనుమసిద్ధికి సాయం కోరి తిక్కన సోమయాజి ఓరుగల్లు వెళ్లాడని, గణపతిదేవుడు సేనను పంపి ఆదుకున్నాడని సాహిత్య లోకంలో ప్రసిద్ధమైన గాథ. ఆ గణపతిదేవుని మునిమనుమడే ప్రతాపరుద్రుడు. రాజు కష్టంలో ఉంటే మంత్రి బుద్ధిబలంతో గట్టెక్కించడం పెన్నా తీరానికి కొత్త కథ కాదు.

యుగంధరుని పాత్రకు మూలం వెదికితే శాస్త్రిగారి అధ్యయన విస్తృతి తెలుస్తుంది. ఆయన కథాసరిత్సాగరాన్ని తెలుగు వచనంలోకి తెచ్చినవారు. అందులో శత్రువులకు చిక్కిన ఉదయనుని విడిపించడానికి మంత్రి యౌగంధరాయణుడు వేషం మార్చి ఉన్మత్తుడై ఉజ్జయినిలో చేరతాడు. ఇదే కథపై భాసుడు రచించిన ప్రతిజ్ఞా యౌగంధరాయణం త్రివేండ్రంలో గణపతిశాస్త్రి కృషితో 1912 ప్రాంతంలో గాని అచ్చులోకి రాలేదు. అంటే భాసుని నాటకం లోకానికి తెలియడానికి ముందే, అదే కథాబీజం నుంచి తెలుగులో ఒక నాటకం మొలకెత్తిందన్నమాట. ముద్రారాక్షసంలోని చాణక్యుని ఎత్తుగడలు, హామ్లెట్‌లోని కృత్రిమ ఉన్మాదం కూడా పాఠకుల స్మృతికి వస్తాయి.

అయితే ఈ నాటకాన్ని జనం నాలుకలపై నిలిపింది ఇతివృత్తం కంటే సంభాషణలే. రాజు, మంత్రి గ్రాంథికం పలుకుతారు. చాకలి పేరిగాడు తన వాడలోని మాట పలుకుతాడు. చెకుముకి శాస్త్రి తీరు అతనిది. ఢిల్లీ సేన మనుషులు ఉర్దూ కలిసిన తెలుగు మాట్లాడతారు. కన్ను మూసుకుని విన్నా ఎవరు మాట్లాడుతున్నారో తెలిసిపోయేలా ఒక్కొక్కరికి ఒక్కొక్క పలుకుబడిని అమర్చడం తెలుగు నాటకంలో అంతకుముందు ఈ స్థాయిలో జరగలేదు.

ఆంధ్రభాషాభిమాని సమాజం

రాసిన నాటకం ఆడినప్పుడే సార్థకమని నమ్మిన శాస్త్రిగారు పందొమ్మిదో శతాబ్ది చివర నెల్లూరులో ఆంధ్రభాషాభిమాని సమాజాన్ని స్థాపించి తమ నాటకాలను ప్రదర్శింపజేశారు. పాత్రోచిత భాషకు నటుడే పరీక్ష. గ్రామ్యం రాసినంత తేలిక కాదు పలకడం. యాస అతిగా ఉంటే వెకిలితనం, తక్కువైతే పుస్తకపు వాసన. అందుకే ఇటువంటి నాటకానికి ఉచ్చారణలో తర్ఫీదు ప్రాణం. పాటల హోరుతో నాటకాలు సాగుతున్న ఆ రోజుల్లో సంభాషణ బలంతో ప్రేక్షకుని కూర్చోబెట్టే సంప్రదాయానికి నెల్లూరు నెలవైంది.

తరువాతి కాలంలో ఉషానిరుద్ధుల కథతో ఉషా నాటకం, 1757 నాటి పోరాటాన్ని ఇతివృత్తంగా చేసుకుని 1916లో బొబ్బిలి యుద్ధ నాటకం రచించారు. శాకుంతలం, మాళవికాగ్నిమిత్రం, విక్రమోర్వశీయం, ఉత్తరరామచరితం, రత్నావళి మొదలైన సంస్కృత నాటకాలను తెలుగు పాఠకులకు అందించారు. శ్రీనాథుని శృంగార నైషధానికి రాసిన సర్వంకష వ్యాఖ్య, ఆముక్తమాల్యద వ్యాఖ్యానం ఆయన పాండిత్యానికి గీటురాళ్లు.

రంగస్థలానికి ఒక నీతి.. గ్రంథానికి మరో నీతి

శాస్త్రిగారి జీవితంలో పరిశోధకులను నేటికీ ఆలోచింపజేసే వైరుధ్యం ఒకటుంది. నాటకంలో జనభాషకు తలుపు తెరిచిన ఆయనే, గిడుగు రామమూర్తి సాగించిన వ్యావహారిక భాషోద్యమాన్ని వ్యతిరేకించారు. పాఠ్యపుస్తకాలు, శాస్త్రగ్రంథాలు వాడుక భాషలో ఉండాలన్న వాదం ముదిరినప్పుడు జయంతి రామయ్య పంతులు ప్రభృతులతో కలిసి గ్రాంథికం పక్షాన నిలిచారు. సంఘ విషయాలలోనూ ఆయనది సంప్రదాయ మార్గమే. వీరేశలింగం ప్రచారం చేసిన వితంతు వివాహాలను ఆయన అంగీకరించలేదు.

ఆయన దృష్టితో చూస్తే ఇందులో తడబాటు లేదు. గ్రామ్యం పాత్రది, కవిది కాదు. పేరిగాడు మాట్లాడినప్పుడు అది పేరిగాడి భాష. రచయిత స్వయంగా చెప్పవలసినదంతా గ్రాంథికంలోనే చెప్పాలి. ప్రాకృతాన్ని నాటకంలో అనుమతించిన ఆలంకారికులు తమ శాస్త్రాన్ని సంస్కృతంలోనే రాసినట్టుగానే ఇదీనని ఆయన భావన.

నేటి దృష్టితో చూసినప్పుడు మరో కోణం గోచరిస్తుంది. పాత్రోచిత భాష చాకలికి అతని పలుకును దక్కించింది, కాని మెట్టును మాత్రం మార్చలేదు. ఎవరి భాష గంభీరం, ఎవరి భాష హాస్యం అన్నది కులాన్ని, హోదాను బట్టే నిర్ణయమైంది. గ్రామ్యం వినిపించినప్పుడల్లా నవ్వు పుట్టాలన్న అలవాటు తెలుగు నాటకంలో, ఆపై చలనచిత్రంలో దీర్ఘకాలం కొనసాగింది. అదే గ్రామ్యంలో దుఃఖాన్నీ, ఆగ్రహాన్నీ పలికించడానికి మరో తరం రావలసి వచ్చింది.

ఆ తరంలో ముఖ్యుడు అప్పటి నెల్లూరు జిల్లా సూళ్లూరుపేట సమీపంలోని మంగళంపాడులో 1921లో జన్మించిన ఆచార్య ఆత్రేయ కావడం గమనార్హం. ఆయన ఎన్.జి.ఓ. నాటకంలో చిరుద్యోగి తన వాడుక మాటలోనే తన బతుకు బరువును ప్రేక్షకుల ముందు దించుకున్నాడు. పులికాట్ తీరం నుంచి వచ్చిన ఆ గొంతుకు దారి ఏర్పడటంలో నాగానందం నాటి వివాదానికీ పాలుంది.

చివరి రోజుల్లో గౌరవ పరంపర

జీవిత చరమాంకంలో శాస్త్రిగారిని మహామహోపాధ్యాయ వంటి బిరుదులు వరించాయి. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. 1929 జూన్ 18న 75 ఏళ్ల వయస్సులో ఆయన పరమపదించారు. తాత పేరే గల మనుమడు వేదం వేంకటరాయశాస్త్రి ఆయన జీవిత చరిత్రను గ్రంథస్థం చేసి భావితరాలకు అందించారు.

తెలుగు నాటక భాషపై పరిశోధన చేసే విద్యార్థికి నాగానందం, గ్రామ్యభాషా ప్రయోగ నిబంధనం, ప్రతాపరుద్రీయం.. ఈ మూడింటినీ వరుసగా చదవడం ఉపయుక్తం. మొదటిది ప్రయోగం, రెండవది దానికి సమర్థన, మూడవది దాని ఫలం. మూడూ కలిపి చూస్తే తప్ప వేదం వారు తెలుగు రంగస్థలానికి చేసిన మేలు ఎంతటిదో, దానికి ఆయన గీసిన హద్దు ఎక్కడుందో సంపూర్ణంగా బోధపడదు.