కార్మిక చరిత్రకారుడు జాన్ కామన్స్

రాజుల యుద్ధములకు శాసనములుండును. కూలివాని వేతనమెంత, దానికై అతడెట్లు పోరాడెను అను విషయములు చిల్లర కాగితములలో చెదరి నశించును. అట్టి కాగితములను ఏరి కూర్చి అమెరికా శ్రామికులకు చరిత్ర నొసగినవాడు జాన్ రోజర్స్ కామన్స్.

ఆయన 1862లో ఒహాయో రాష్ట్రమున జన్మించెను. తల్లి ఓబర్లిన్ పట్టణమున భోజనవసతి గృహము నడపి కుమారుని చదివించెను. అనారోగ్యముచే చదువు కుంటుపడి, 1888లో గాని పట్టము లభింపలేదు. ఆ రోజులలో ముద్రణాలయమున అక్షరములు కూర్చుచు, అచ్చుపనివారి సంఘమున సభ్యుడయ్యెను. పిదప జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున చరిత్ర పరీక్ష తప్పి, డాక్టరు పట్టము లేకయే వెడలెను. 1899లో సిరక్యూస్ విశ్వవిద్యాలయము ఆయన ఆచార్యపీఠమునే రద్దుచేసెను; ఆయన భావములు ధనదాతలకు రుచింపకుండుటయే అందులకు హేతువు.

1904లో పూర్వపు గురువు రిచర్డ్ ఈలీ ఆయనను విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు రప్పించెను. అచట శిష్యులతో గూడి పాత పత్రికలను, కరపత్రములను, న్యాయస్థాన పత్రములను సేకరించెను. వేతనముకై ఏకమైన ఫిలడెల్ఫియా పాదరక్షల పనివారిని 1806లో కుట్రదారులని నిర్ణయించి, తలకు 8 డాలర్ల జరిమానా విధించిన విచారణ అందొకటి. ఈ పత్రములు 1910-11లో 10 సంపుటములుగా వెలువడెను. అమెరికా కార్మిక చరిత్ర తొలి రెండు సంపుటములు 1918లో వచ్చెను. అంగడి విస్తరించినకొలది పోటీ పెరిగి, యజమానికిని పనివానికిని నడుమ అగాధమేర్పడునని ఆయన నిరూపింపజూచెను.

చరిత్ర గ్రంథాలయమునకే పరిమితము కారాదని ఆయన నమ్మిక. గవర్నరు లా ఫాలెట్ కోరికపై, సిఫారసులకు బదులు యోగ్యతనుబట్టి ఉద్యోగములిచ్చు 1905 నాటి విస్కాన్సిన్ చట్టమును రచించెను. 1911లో పరిశ్రమల కమిషను చట్టమును రూపొందించి, రెండేండ్లు అందు సభ్యుడుగా నుండెను. 1921లో ఆయన సూచించిన నిరుద్యోగ భృతి 1932లో ఆ రాష్ట్రమున చట్టమయ్యెను. దేశమున అదియే మొదటిది. 1935 నాటి సాంఘిక భద్రతా చట్టమును తీర్చిదిద్దినవారిలో ఆయన శిష్యులు ఎడ్విన్ విట్టి, ఆర్థర్ ఆల్ట్‌మెయర్ ముఖ్యులు.

ఆయనయందు లోపము లేకపోలేదు. 1907 నాటి గ్రంథమున నీగ్రోలను, వలసవచ్చినవారిని జాతులనుబట్టి ఎక్కువ తక్కువలుగా తూచెను. శ్రామికుల మిత్రుడే శ్రామికులందరిని సమానులుగా చూడలేకపోయెను.

1945లో కామన్స్ కన్నుమూసెను. పరీక్ష తప్పినవాడు, పీఠము కోల్పోయినవాడు, పనివాని వృద్ధాప్యమునకు, నిరుద్యోగమునకు ఆసరాగా నిలిచిన చట్టములకు దారి చూపెను. చెదరిన కాగితములను ఏరిన శ్రమ వ్యర్థము కాలేదు.