నాటకాల దీపానికి పేరిచ్చిన రోడ్ల ఇంజనీరు

బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురం ప్రాంతపు పల్లెల్లో జాతర అంటే రాత్రి నాటకం ఉండవలసిందే. కురుక్షేత్రమైనా, సత్యహరిశ్చంద్ర అయినా, పద్యం తెలుగులో సాగినా కన్నడంలో సాగినా, తెల్లవారే వరకు జనం కదలరు. ఒకప్పుడు దివిటీల వెలుగులోను, ఆ తరువాత పెట్రోమాక్స్ దీపాల కిందను ఆడిన ఈ నాటకాలకు నేడు పెద్ద విద్యుద్దీపాలను అద్దెకు తెస్తున్నారు. వాటిలో ఒక రకం దీపానికి ముందు భాగంలో గుండ్రని మందపాటి అద్దం అమర్చి ఉంటుంది. మెట్లబావిని పైనుండి చూసినట్లు, ఆ అద్దం మీద ఒకదానిలో ఒకటిగా వలయాలు కనిపిస్తాయి. దీపాలు కట్టే కుర్రవాళ్లు దీనిని ఫ్రెస్నెల్ అంటారు. ఫ్రెంచివారు నడుమనున్న సకారాన్ని పలకరు కనుక ఫ్రెనెల్ అనడం సరైనది. అది ఏదో కంపెనీ పేరని చాలామంది అనుకుంటారు. నిజానికి అది 39 ఏళ్లకే కన్నుమూసిన ఒక రోడ్ల ఇంజనీరు పేరు.

ఆగస్టిన్ జాన్ ఫ్రెనెల్ 1788 మే 10వ తేదీన ఫ్రాన్సు దేశంలోని నార్మండీ ప్రాంతంలో, బ్రోలీ అనే చిన్న ఊరిలో జన్మించారు. తండ్రి భవన నిర్మాణ శిల్పి. ఇల్లు కఠినమైన దైవభక్తి గలది. ఎనిమిదేళ్లు వచ్చినా బాలుడికి చదవడం సరిగా పట్టుబడలేదు. కంఠస్థం చేయడమంటే ఆయనకు జీవితాంతం గిట్టలేదు. అయితే ఏ చెట్టు కొమ్మతో విల్లు చేస్తే బాణం దూరం పోతుందో పరీక్షించి కనిపెట్టిన ఘనుడు. తొమ్మిదేళ్ల వయసులో ఆయన చేసిన విల్లులు ఆట వస్తువుల స్థాయిని దాటిపోవడంతో ఊరి తల్లిదండ్రులు కూడబలుక్కుని వాటిని నిషేధించారట!

1804లో పారిస్‌లోని పాలిటెక్నిక్ విద్యాలయంలో చేరి, అటుపై రోడ్లు, వంతెనల ఇంజనీరింగ్ చదివి ప్రభుత్వోద్యోగి అయ్యారు. మన ముద్దేనహళ్లిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారి వలెనే ఆయనదీ సివిల్ ఇంజనీరు కొలువు. పగలంతా మారుమూల జిల్లాలలో రాళ్లు, మట్టి, కూలీల లెక్కలు. తీరిక దొరికినప్పుడు వెలుతురును గురించిన ఆలోచన.

1815లో నెపోలియన్ తిరిగి అధికారానికి వచ్చినప్పుడు ఫ్రెనెల్ రాజు పక్షాన నిలిచారు. ఆరోగ్యం అంతంత మాత్రమే అయినా సైన్యంలో చేరబోయారు. ఫలితంగా ఉద్యోగం పోయింది, పోలీసుల నిఘా వచ్చిపడింది. తల్లి ఉంటున్న మాత్యూ గ్రామానికి వెళ్లిపోయారు. విద్యాపీఠం లేదు, పరికరాలు లేవు. సూర్యకాంతిని ఒక బిందువుగా కూర్చడానికి మంచి కటకం కావలసి వస్తే, తేనెచుక్కనే కటకంగా వాడుకున్నారు. కొలత పరికరాలకు కావలసిన భాగాలను ఊరి తాళాల పనివాడి చేత చేయించుకున్నారు. సన్నని తీగ నీడను పరిశీలిస్తే, నీడ లోపల కూడా వెలుగు చారలు కనిపించాయి. వెలుతురు చిన్న రేణువుల ప్రవాహమనే న్యూటన్ సిద్ధాంతం ఆనాడు రాజ్యమేలుతోంది. ఆ చారలను అది సరిగా వివరించలేదు. చెరువులో రాయి వేస్తే లేచే అలల వలె వెలుతురు కూడా అలలుగా వ్యాపిస్తుందని ఫ్రెనెల్ గణితంతో నిరూపించబూనారు. ఇంగ్లండులో థామస్ యంగ్ అంతకు ముందే ఈ దారిలో కొంత నడిచారు. ఆ సంగతి ఫ్రెనెల్‌కు ఆలస్యంగా తెలిసింది.

ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ ఈ విషయం మీద బహుమతి ప్రకటించగా 1818లో ఫ్రెనెల్ తన వ్యాసం సమర్పించారు. న్యాయనిర్ణేతలలో ఒకరైన పాయ్సాన్ రేణువాది. ఫ్రెనెల్ లెక్కలను చివరి దాకా లాగి, ఇవి నిజమైతే గుండ్రని బిళ్ల నీడ నట్టనడుమ వెలుగు చుక్క ఉండాలని తేల్చారు. అది అసంభవమని ఆయన భావం. ఆరాగో అనే మరొక నిర్ణేత ప్రయోగం చేసి చూశారు. చుక్క ఉంది! 1819లో బహుమతి ఫ్రెనెల్‌కే దక్కింది. ప్రత్యర్థి తవ్విన గోతిలోనే సాక్ష్యం దొరకడం శాస్త్రచరిత్రలో అరుదు.

అదే సంవత్సరం ఆరాగో సిఫారసు మీద ఆయనకు సముద్రతీర దీపస్తంభాల సంఘంలో చోటు దొరికింది. సముద్రం చూడని మన పల్లెలకు ఆ పని విలువ చెప్పవలసి ఉంది. రాత్రివేళ తీరం కానరాక ఓడలు రాళ్లకు గుద్దుకొని మునిగేవి. దీపస్తంభాలలో నూనె దీపాల వెనుక లోహపు అద్దాలు ఉండేవి గాని, అవి దాదాపు సగం వెలుగును మింగివేసేవి. పెద్ద గాజు కటకం పెడదామంటే దాని మందానికి, బరువుకు అంతు లేదు. ఫ్రెనెల్ ఆలోచన చూడండి: వెలుగు వంగేది గాజు ఉపరితలం వద్ద మాత్రమే, నడుమనున్న మందం వట్టి బరువు. కనుక ఆ మందాన్ని తొలగించి, ఉపరితలపు వాలును మాత్రం వలయాలుగా విడగొట్టి పేర్చితే చాలు. ఇటువంటి ఊహ 1748లోనే బ్యుఫాన్‌కు వచ్చిందని సంఘసభ్యుడొకరు చెప్పినప్పుడు ఫ్రెనెల్ ఇబ్బంది పడ్డారు. అయితే బ్యుఫాన్ ఒకే గాజు ముద్దను మెట్లుగా చెక్కాలన్నారు. విడివిడి గాజు ముక్కలను చేయించి చట్రంలో కూర్చే పద్ధతి ఫ్రెనెల్‌ది. సొలెయ్ అనే కటకాల నిపుణుడు వాటిని తయారు చేశారు. 1823 జూలై 25న జిరోంద్ నది సముద్రంలో కలిసే చోట ఉన్న కోర్దువాన్ దీపస్తంభంలో ఆ కటకం వెలిగింది. 30 కిలోమీటర్లకు పైబడిన దూరం నుండి నావికులకు అది కనిపించింది.

అప్పటికే క్షయ ఆయనను పట్టుకుంది. 1824లో జబ్బు ముదిరి రక్తం పడగా తక్కిన పనులన్నీ మానుకున్నారు. దీపస్తంభాల పని మాత్రం వదలలేదు. లండన్ రాయల్ సొసైటీ వారి రమ్‌ఫర్డ్ పతకాన్ని ఆరాగో తెచ్చి మంచం వద్ద అందించిన కొద్ది రోజులకే, 1827 జూలై 14న, విల్-దావ్రే గ్రామంలో కన్నుమూశారు. మిగిలిన దీపస్తంభాల బాధ్యత తమ్ముడు లెయొనోర్ చేపట్టారు. ఈఫిల్ టవర్ మీద చెక్కిన 72 పేర్లలో ఫ్రెనెల్ పేరు ఉంది.

ఆయన నాటకాల కోసం ఒక్క దీపమైనా చేయలేదు. ఆ వలయాల అద్దం సముద్రతీరం నుండి రంగస్థలానికి, 1930వ దశకం నుండి సినిమా స్టూడియోలకు విరివిగా వచ్చింది. దీపాన్ని అద్దానికి దగ్గరగా జరిపితే వెలుగు వెడల్పుగా పరచుకుంటుంది; వెనక్కు జరిపితే సన్నబడి ఒక్క పాత్ర మీద నిలుస్తుంది. అంచులు మెత్తగా కలిసిపోవడం వలన రెండు దీపాల వెలుగుల నడుమ గీత కనిపించదు. మన పొరుగు అనంతపురం జిల్లా తాడిపత్రికి చెందిన కె.వి. రెడ్డి దర్శకత్వం వహించిన మాయాబజార్ 1957లో వచ్చింది. అందులో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే స్టూడియో దీపాలతో కాయించిన వెన్నెలను నేటికీ మనవారు చెప్పుకుంటారు.

ఇప్పుడు అద్దం వెనుక బల్బు మారింది. పాత టంగ్‌స్టన్ దీపం 1000 వాట్లు తాగి, అందులో చాలా భాగం వేడిగానే వదిలేది. కిరీటం, పట్టుబట్టలు ధరించిన దుర్యోధనుడు చెమటతో తడిసి, ముఖాన పూసిన రంగు కారిపోయేది. సుమారు 150 నుండి 200 వాట్ల ఎల్.ఇ.డి. ఫ్రెనెల్ దాదాపు అంత వెలుగునూ ఇస్తుంది. డీజిల్ జనరేటరు మీద నడిచే జాతరకు ఇది చిన్న లాభం కాదు. రంగు కాగితాలు కట్టే అవసరం లేకుండా రంగులు మార్చగల రకాలూ వచ్చాయి. అయితే చవక రకం ఎల్.ఇ.డి.ల వెలుగులో ఎరుపు పాలు తక్కువ. వాటి కింద కుంకుమబొట్టు నల్లబడినట్లు, ముఖాలు పాలిపోయినట్లు కనిపిస్తాయి. సెల్‌ఫోన్‌తో వీడియో తీస్తే తెర మీద చారలు కదులుతాయి. అద్దెకు తెచ్చే పెద్దలు బయానా ఇచ్చే ముందు, వేషం వేసిన ఒక పాత్రధారిని ఆ దీపం ఎదుట నిలబెట్టి, సెల్‌ఫోన్‌లో కూడా ఒకసారి చూసుకోవడం మంచిది.