ఫుట్‌బాల్ ఉస్తాద్ మర్హూం సయ్యద్ అబ్దుల్ రహీం గారు

మన పాల్వంచ కుర్రవాళ్లకు క్రికెట్ ఆటగాళ్ల పేర్లన్నీ కంఠతా వచ్చు. సంతోషమే. కాని హైదరాబాదులో పుట్టి, ఉర్దూ బళ్లలో పాఠాలు చెప్పుకుంటూ, భారతదేశపు ఫుట్‌బాల్ జట్టును రెండుసార్లు ఆసియా క్రీడల విజేతగా నిలబెట్టిన ఉపాధ్యాయుడెవరని అడిగితే తెల్లముఖం వేస్తారు. తప్పు వారిది కాదు, చెప్పేవారు లేకపోయారు. అందుచేత ఆ మహనీయుని జీవిత విశేషాలు కొన్ని ఈ సంచిక ద్వారా మనవి చేస్తున్నాము.

రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించిరి. ఆ రోజుల్లో మన పాల్వంచ కూడా ఆ నిజాం రాజ్యంలోనిదే. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివేటప్పుడే మంచి ఆటగాడని పేరు తెచ్చుకున్నారు. చదువయ్యాక కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా పొంది, చివరి రెండు బళ్లలో ఆటల బాధ్యత తీసుకున్నారు. డ్రిల్లు మాస్టరంటే లెక్కల మాస్టారు సెలవు పెట్టిన రోజు పిల్లల్ని కూర్చోబెట్టేవాడు అనే చులకన మన బళ్లలో ఇప్పటికీ పోలేదు. అటువంటి వారు ఈయన చరిత్ర తప్పక చదవాలి.

1940ల మొదట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయి, చనిపోయే వరకు ఆ పని చూశారు. అప్పుడు ఆయన పెట్టించిన పోటీలు చిత్రమైనవి. ఒక పోటీలో ఎవరికి ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే తన్నాలి. మరొక దానిలో బంతిని తన దగ్గరే తిప్పుకుంటూ ముందుకు పోకూడదు, వెంటనే తోటివానికి అందించాలి. పొట్టి పిల్లలకు ప్రత్యేకంగా ఇంకొక పోటీ. మాకు ఇందులో కోచ్ కంటే పంతులే ఎక్కువ కనిపిస్తాడు. తెలివైన పిల్లవానికి తెలిసిందే మళ్లీ చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం ఎవరైనా చేస్తారు. రాని పాఠం పట్టుకుని, వచ్చేదాకా కూర్చునేవాడే గదా ఉస్తాద్! సికింద్రాబాదు అమ్ముగూడ పేదింటి కుర్రవాడు తులసీదాస్ బలరాం తర్ఫీదుకు రావడానికి చేతిలో పైసల్లేవంటే, సైకిలు అద్దె డబ్బులు రహీం గారే ఇచ్చి రప్పించుకున్నారంటారు. ఆ బలరామే తరువాత ఒలింపిక్ ఆటగాడైనాడు.

ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. కలకత్తా క్లబ్బుల ముందు మనవారు నిలవగలరా అన్నవారి నోళ్లు మూతబడ్డాయి.

భారత జట్టు బాధ్యత 1950లో ఆయన చేతికి వచ్చింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల ఫైనల్లో మనవారు ఇరాన్‌ను 1-0తో ఓడించిరి. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తుగా ఓడిపోయారు. అప్పటికి మనవాళ్లలో చాలామంది వట్టికాళ్లతో ఆడేవారు. ఆ దెబ్బతోనే బూట్లు తప్పనిసరి చేశారు.

నాలుగేళ్ల తరువాత మెల్బోర్న్‌లో ఫలితం కనబడింది. 1956 ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను వారి గడ్డమీదే 4-2తో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశంగా మనం నిలిచాము. నెవిల్ డిసౌజా మూడు గోళ్లు చేశాడు. జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫిఖారుద్దీన్, బలరాం వంటి మన హైదరాబాదీలు ఉన్నారు. చివరకు నాలుగో స్థానం దక్కింది. బ్రెజిల్ 1958 ప్రపంచ కప్పులో లోకానికి చూపించిన 4-2-4 పద్ధతిని మనవారికి ముందే అలవాటు చేసిన ఖ్యాతి రహీం గారిదేనని తెలిసినవారు చెబుతారు.

ఇక 1962 జకార్తా సంగతి. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను రానివ్వలేదని మన దేశపు క్రీడాధికారి ఒకరు అభ్యంతరం చెప్పినందుకు అక్కడి జనం మనవారిపై మండిపడుతున్నారు. దానికి తోడు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. వేరొకరైతే అతణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టేవారు. రహీం గారు అతణ్ణి ముందుకు తెచ్చి సెంటర్ ఫార్వర్డుగా ఆడించారు! సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్లీ అదే కొరియా. లక్ష మంది జనం గేలిచేస్తుండగా పి.కె. బెనర్జీ ఒకటి, ఆ జర్నైల్ సింగే ఒకటి గోలు చేయగా 2-1తో బంగారు పతకం మనదైంది. ఆ జనంలో మనకు చప్పట్లు కొట్టినవారు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లని ఆనాడు ఆడినవారే చెప్పుకున్నారు.

తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో రహీం గారు ఇంతకాలం చేశారు. వయసు 53 సంవత్సరాలు మాత్రమే. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు. ఒలింపిక్స్‌కు 1960 రోం తరువాత మన జట్టు వెళ్లనే లేదు. బతికుండగా ఆయనకు పద్మ పురస్కారమైనా ఇవ్వలేదు. కోచ్‌ల కొరకు ద్రోణాచార్య అవార్డు పెట్టినదే 1985లో.

కుమారులు సయ్యద్ షాహిద్ హకీం గారు రోం ఒలింపిక్ జట్టు సభ్యులు, తరువాత అంతర్జాతీయ రిఫరీ. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు పొంది, 2021 ఆగస్టులో గుల్బర్గాలో కన్నుమూశారు. తండ్రిగారి కథతో తీసిన మైదాన్ అనే హిందీ సినిమా 2024లో వచ్చింది. అది చూసిన మా బడి పిల్లలు, ఆయన నిజంగా బడిపంతులేనా సార్ అని మమ్మల్ని అడిగారు. బలహీనమైన కాలి పోటీ సంగతి చెప్పాము. మా బడికి గోలు స్తంభాలు లేవు. రెండేసి ఇటుకలు పెట్టుకుని ఎడమకాలితో ఆడుతున్నారు.