ఒకే గదిని మూడుసార్లు గీసిన మనిషి

చెక్క మంచం. రెండు కుర్చీలు. మూలన చిన్న బల్ల, దాని మీద నీళ్ల కూజా. గోడకు కొక్కేలు, వాటికి వేలాడే బట్టలు. ఒక కిటికీ. ఉప్పల్‌లోనో నాచారంలోనో రూమ్ తీసుకుని జాబ్ వెతుక్కుంటున్నవాళ్లకు ఈ గదిని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. కాకపోతే ఇది ఫ్రాన్స్‌లోని ఆర్ల్ అనే ఊళ్లో, 1888లో ఒకాయన అద్దెకుండి ఆయిల్ పెయింట్లతో గీసుకున్న సొంత పడకగది. ఆయన పేరు విన్సెంట్ వాన్ గో.

ఈయన గురించి మీరు వినే ఉంటారు. చెవి కోసుకున్నాడనీ, పిచ్చి ఆవేశంలో రంగులు కుమ్మరించాడనీ. ఆ కథ మనకు ఎంత అలవాటైందంటే, ఆయన ఎంత లెక్కగా పనిచేసేవాడో అసలు కనపడదు. నన్నడిగితే వాన్ గో దగ్గర ముందు చూడాల్సింది ఆవేశం కాదు, తన బొమ్మను తనే పక్కన పెట్టి పరీక్షించుకున్న తీరు.

ముందు ఆయన రెజ్యూమె చూడండి. 1853లో నెదర్లాండ్స్‌లోని జుండర్ట్ గ్రామంలో ఒక పాస్టర్ ఇంట్లో పుట్టాడు. 16 ఏళ్లకు గూపిల్ అనే చిత్రాల వ్యాపార సంస్థలో చేరి, హేగ్, లండన్, పారిస్ బ్రాంచిల్లో పనిచేశాడు. 1876లో తీసేశారు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో కొన్నాళ్లు బడిపంతులు, డోర్డ్రెక్ట్‌లో పుస్తకాల షాపు గుమాస్తా. థియాలజీ ఎంట్రన్స్‌కు ప్రిపేరై మధ్యలో వదిలేశాడు. బెల్జియం బొగ్గుగనుల ప్రాంతంలో మతబోధకుడిగా చేరితే అక్కడా కొనసాగించలేదు. 1880లో, 27 ఏళ్ల వయసులో, చేతిలో డిగ్రీ లేదు, జీతం లేదు. అప్పుడు చిత్రకారుణ్ని కావాలని నిశ్చయించుకున్నాడు. ఇన్ని గ్యాప్‌లున్న ప్రొఫైల్‌ను ఇవాళ ఏ హెచ్‌ఆర్ అయినా రెండో పేజీ దాకా చదువుతారా అన్నది మీరే చెప్పాలి.

ఇల్లు గడిచింది తమ్ముడు థియో డబ్బుతో. థియో కూడా అదే గూపిల్‌లో ఉద్యోగి. నెలనెలా పంపేవాడు. కాన్వాసు, రంగులు, రొట్టె, అద్దె అన్నీ అందులోంచే. తమ్ముడి జీతం తింటున్నానన్న బరువు అన్నకు చివరిదాకా పోలేదు. అందుకే ఆయన ఉత్తరాల్లో చాలా భాగం ఒక రకంగా వర్క్ రిపోర్టులే. ఏం గీశాను, ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టాను, ఏది కుదిరింది, ఏది కుదరలేదు, మళ్లీ ఏం చేయబోతున్నాను. పక్కన చిన్న స్కెచ్ కూడా. ఇలా ఆయన రాసినవి 800కు పైగా మిగిలాయి.

గది లోపలి దృశ్యాలు గీయడం ఆయనకు న్యూనెన్ అనే పల్లెలో పట్టుబడింది. 1884లో అక్కడి నేతగాళ్ల ఇళ్లలో కూర్చుని మగ్గాలు గీశాడు. ఉప్పల్ రింగ్ రోడ్డు దాటి పోచంపల్లి వైపు వెళ్లినవాళ్లకు మగ్గం ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో తెలుసు. ఉన్న జాగా అంతా మగ్గమే, మనిషి పక్కకు ఒదిగి నడవాలి. వాన్ గో కష్టం కూడా అదే. మొత్తం మగ్గం కంట్లో పట్టేలా వెనక్కి జరుగుదామంటే వెనకాల గోడ. అంత దగ్గర నుంచి చూస్తే కొలతలు వంకరపోతాయి. అంతకు ముందే హేగ్‌లో ఉన్నప్పుడు చెక్క ఫ్రేముకు దారాలు కట్టించుకుని, దాంట్లోంచి చూసి గీయడం అలవాటు చేసుకున్నాడు. మన భాషలో చెప్పాలంటే గ్రిడ్ ఓవర్‌లే. కన్ను చేసే మోసాన్ని పట్టుకోవడానికి పరికరం వాడటం ఆయనకు నామోషీ అనిపించలేదు.

1885లో పెద్ద పరీక్ష వచ్చింది. నూనె దీపం వెలుగులో ఐదుగురు రైతు కుటుంబీకులు బల్ల చుట్టూ కూర్చుని ఆలుగడ్డలు తింటున్న చిత్రం. చలికాలమంతా రైతుల ముఖాలు పదుల కొద్దీ గీసి, ఏప్రిల్, మే నెలల్లో దాన్ని పూర్తిచేశాడు. దాని లితోగ్రాఫ్ ప్రింటును చిత్రకారుడైన స్నేహితుడు ఆంథోన్ వాన్ రపార్డ్‌కు పంపాడు. రపార్డ్ జవాబు చదివితే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వెనకున్న ఆవిడ చెయ్యి నాటకంలా ఉందన్నాడు, కుడివైపు మనిషికి మోకాలు, పొట్ట ఏవన్నాడు, ఒకరి ముక్కు సగమే ఉందన్నాడు. వాన్ గో ఆ ఉత్తరాన్ని తిప్పి పంపేశాడు.

ఇక్కడిదాకా మామూలు కథే. కోపం తగ్గాక ఆయన విమర్శను రెండు కుప్పలు చేశాడు. లితోగ్రాఫ్‌లో తప్పులున్నాయని ఒప్పుకున్నాడు, ఒక్క రోజులో జ్ఞాపకం మీద గీసింది అది. బొమ్మ ఉద్దేశాన్ని మాత్రం వదులుకోలేదు. మట్టి తవ్విన చేతులే ఆ పళ్లెంలోకి వెళ్తున్నాయని చూపించాలి, కాబట్టి ఆ చేతులు మోటుగానే ఉండాలి, రంగు కూడా మట్టి అంటిన ఆలుగడ్డలాగే ఉండాలి. అది ఆయన పెట్టుకున్న టార్గెట్. నున్నగా లేదన్న మాట దాని ముందు నిలవదు. స్నేహం మాత్రం ఆ దెబ్బకు తేరుకోలేదు.

మాక్ ఇంటర్వ్యూ అయ్యాక, ప్రాజెక్ట్ డెమో అయ్యాక మనం సాధారణంగా ఏం చేస్తాం? బాగా రాలేదు అనుకుని ముసుగు తన్ని పడుకుంటాం. లేదంటే, వాళ్లకేం తెలుసు అని తిట్టుకుంటాం. రెండూ రివ్యూ కాదు. బొమ్మలు గీసేవాళ్లయితే మరీ కష్టం, అక్కడ ఎర్రర్ మెసేజ్ రాదు. ఏం చేయాలనుకున్నానో ముందే రాసి పెట్టుకోకపోతే, గీశాక దేంతో పోల్చి చూస్తారు?

ఆయన పొరపడ్డ చోటు కూడా ఉంది. బొమ్మలు చీకటిగా ఉన్నాయి, పారిస్‌లో కొత్త చిత్రకారులు వెలుగు రంగులు వాడుతున్నారని థియో చెప్పినప్పుడు ఆయనకు ఎక్కలేదు. 1886లో పారిస్ వెళ్లి ఆ బొమ్మల్ని కళ్లారా చూశాకే ఎక్కింది. మోడళ్లకు ఇవ్వడానికి డబ్బుల్లేక అద్దంలో తన ముఖాన్నే మళ్లీ మళ్లీ గీస్తూ రంగులు మార్చుకున్నాడు. అయినా 1887లో చెల్లెలికి రాస్తూ, ఆ ఆలుగడ్డల బొమ్మే తను చేసినవాటిలో మంచిదన్నాడు. పద్ధతి మారినంత మాత్రాన పాత పనిని చెత్త అనేయలేదు.

1888 ఫిబ్రవరిలో ఆర్ల్ చేరాడు. మే నుంచి నెలకు 15 ఫ్రాంకుల అద్దెకు పసుపు రంగు ఇంట్లో ఒక భాగం తీసుకున్నాడు. సెప్టెంబర్‌లో మూడు రాత్రులు మేలుకుని, పగలు నిద్రపోతూ, రాత్రంతా తెరిచి ఉండే ఒక కెఫే లోపలి భాగాన్ని గీశాడు. ఎర్ర గోడలు, ఆకుపచ్చ కప్పు, మధ్యలో బిలియర్డ్స్ బల్ల. తను గీసిన అతి వికారమైన బొమ్మల్లో ఇదొకటని తమ్ముడికి తనే రాశాడు, అది కూడా ఆలుగడ్డల బొమ్మకు సమానమని చెబుతూ. అంటే అది తిట్టు కాదు. మనిషి చెడిపోయే చోటును చూపించాలనుకున్నాడు, ఎరుపు, ఆకుపచ్చ కొట్టుకుంటుంటే ఆ పని జరిగిందని ఆయన లెక్క. అందంగా లేకపోవడం వేరు, అనుకున్నది జరగకపోవడం వేరు. ఈ తేడా పట్టుకోవడానికి చాలామందికి ఏళ్లు పడుతుంది.

నెల దాటాక, అక్టోబర్‌లో, కళ్లు అలిసిపోయి విశ్రాంతి తీసుకుంటూ దానికి పూర్తి వ్యతిరేకమైన బొమ్మకు దిగాడు. అదే మొదట చెప్పిన పడకగది. చూస్తే మనసుకు విశ్రాంతి దొరకాలి, అంతే టార్గెట్. నీడలు తీసేశాడు. జపాన్ ప్రింట్లలా రంగుల్ని చదునుగా పరిచాడు. లేత ఊదా గోడలు, వెన్నలాంటి పసుపు మంచం, ఎర్ర దుప్పటి, ఆకుపచ్చ కిటికీ అంటూ సరుకుల చీటీలా ఉత్తరంలో రాసిపెట్టాడు. వెనక గోడ వంకరగా ఉందని కొందరు నవ్వుతారు. నిజానికి ఆ గదే కొంచెం వంకర.

డిసెంబర్‌లో ఆరోగ్యం చెడి ఆస్పత్రి పాలయ్యాడు. జనవరిలో ఇంటికొచ్చి కాన్వాసులన్నీ చూసుకుంటే, వాటిలో పడకగదే మేలనిపించింది. మధ్యలో గడిచిన కాలం కూడా ఒక పరికరమే మరి. తర్వాత ఇంట్లో చేరిన చెమ్మకు అది దెబ్బతింది. థియోకు పంపితే, బాగుచేయించే ముందు నకలు గీసి పెట్టుకోమని తిప్పి పంపాడు. 1889 సెప్టెంబర్‌లో సాన్ రెమీ ఆస్పత్రిలో ఉంటూ అదే సైజులో ఒకటి, అమ్మకూ చెల్లెలికీ ఇవ్వడానికి చిన్నది ఒకటి గీశాడు. మక్కీకి మక్కీ కాదు. నేల రంగు మారింది, గోడ మీది చిత్తరువులు మారాయి.

1890 జూలై 29న, 37 ఏళ్లకే చనిపోయాడు. ఆరు నెలలకు థియో కూడా. ఆ ఉత్తరాలను దాచి 1914లో పుస్తకంగా తెచ్చింది థియో భార్య యోహానా. మూడు పడకగదులు ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్, చికాగో, పారిస్ మ్యూజియాల్లో ఉన్నాయి. ఎక్కడ చూసినా గోడలు నీలంగానే కనిపిస్తాయి, ఊదాలోని ఎరుపు కాలక్రమంలో వెలిసిపోయింది. పసుపు మంచం పక్కన ఊదా గోడ ఉండాలన్న ఆయన లెక్క ఏమిటో తెలుసుకోవాలంటే, ఇవాళ ఆ అక్టోబర్ ఉత్తరమే తెరవాలి.