నల్లమట్టి దీవి మనిషి, మన ఊళ్ల చరిత్ర

బ్నీద్ అల్ గార్‌లో మా గది ఐదో అంతస్తులో ఉంది. కిటికీ తెరిస్తే మేడలు, వాటి సందులో కాస్త సముద్రం. కొండ మాత్రం కనబడదు. గండికోట దగ్గర ఎర్రమల కొండల కింద పుట్టినవాణ్ణి, పన్నెండేళ్లయినా కళ్లు వాటినే వెతుకుతాయి. పోయిన శుక్రవారం మా గదిలో ఉండే తమ్ముడు ఫోన్లో గండికోట కైఫీయత్తు చదువుతూ, ఇది రాయించిందెవరన్నా అని అడిగాడు.

ఆయన కాలిన్ మెకంజీ. 1754లో స్కాట్లాండ్‌కు పడమటనున్న లూయిస్ దీవిలో, స్టోర్నవే అనే రేవు ఊళ్లో పుట్టాడు. ఊరు దాటితే చెట్టూచేమా లేని గుట్టలు, అడుగేస్తే దిగబడే నల్లటి నేల. వేల ఏళ్లుగా నాచూ గడ్డీ సగం కుళ్లి పేరుకున్న మట్టి అది. ఇటుకల్లా కోసి ఎండబెట్టి, మనం పిడకలు వాడినట్టు పొయ్యిలో వాడతారు. మా బ్నీద్ అల్ గార్ పేరులోని గార్ అంటే కూడా తారే. అక్కడా ఇక్కడా నల్లటి నేలే అని తమ్ముడు నవ్వాడు.

మెకంజీ అక్కడి సుంకాల ఆఫీసులో పనిచేసి, 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చాడు. బతుకుదెరువుకు మనలాగే దేశం దాటినవాడే. కాకపోతే మనం కఫీల్ కింద పనికొచ్చాం, ఆయన ఏలేవాళ్ల మనిషిగా వచ్చాడు. ఆ తేడా మరవకూడదు.

1799లో టిప్పు సుల్తాన్ పతనమయ్యాక మైసూరు సర్వే ఆయనకు అప్పగించారు. తర్వాత మన దత్తమండలాలు. గొలుసులతో నేల కొలిపించడంతో ఆగకుండా ఊరూరా శాసనాలు, గుడి కథలు, కరణాల లెక్కలు రాయించాడు. మన భాషలు ఆయనకు రావు. ఆ పని నడిపించింది ఏలూరు ప్రాంతపు కావలి సోదరులు. వారిలో వెంకట బొర్రయ్య 1803లో, ముప్ఫై కూడా నిండకుండా పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య అందుకున్నాడు.

1815లో మెకంజీ భారతదేశ మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821 మే 8న కలకత్తా దగ్గర చనిపోయాడు. 38 ఏళ్లలో ఒక్కసారీ సొంత దీవికి పోలేదు. ఆ పని కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగితే, అప్పటి దొరలు ఒప్పుకోలేదు. నాకు ఎక్కువ బాధనిపించేది అదే.

కొండమీది దారుల పేర్లన్నీ మా నాయనకు తెలుసు. కరోనా ఏడు ఆయన పోయాడు. విమానాలు లేక నేను పోలేకపోయాను, పేర్లూ రాసుకోలేదు. ఆ రాత్రే అమ్మకు ఫోన్ చేశాను. ఆమెకు గుర్తున్నవి చెబుతుంటే తమ్ముడు నోటుబుక్కులో రాశాడు. పదకొండు పేర్లు వచ్చాయి. మిగతావి పక్కింటి పెద్దాయన్ని అడిగి వచ్చే శుక్రవారం చెబుతానంది.