సర్ విలియం హెన్రీ బ్రాగ్

ఉప్పుకల్లు నొకదానిని పరికించి చూచినచో దాని ముఖములు చదరములై, అంచులు తిన్ననై కనబడును. ఈ తీరు ఏ శిల్పియు చెక్కినది కాదు. దానిలోని పరమాణువులు వరుసలు తీరి యుండుటయే ఇందులకు కారణము. సూక్ష్మదర్శినికి సైతము కానరాని ఆ వరుసలను కొలిచి చూపినవారిలో విలియం హెన్రీ బ్రాగ్ అగ్రగణ్యుడు.

బ్రాగ్ 1862వ సంవత్సరము జూలై 2వ తేదీన ఇంగ్లాండులోని కంబర్లాండు సీమలో జన్మించెను. ఏడవ ఏట తల్లిని కోల్పోయి, తండ్రి సోదరుని యింట పెరిగెను. కేంబ్రిడ్జిలో గణితమున మూడవ స్థానము పొంది, ఇరువదిమూడేండ్ల ప్రాయముననే ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నియమింపబడెను. అచట భౌతికశాస్త్రమును గూడ బోధింపవలసి యుండెను. ఆ శాస్త్రమున అతని పరిచయము స్వల్పము. ప్రయోగశాలలో పరికరములును చాలకుండెను. బ్రాగ్ అధైర్యపడలేదు. పరికరములు చేయువారి యొద్ద శిష్యుడై చేరి, విద్యార్థులకు వలసిన సాధనములను స్వయముగా చేసెను. ఆచార్యుడయ్యును పనివాని యొద్ద పని నేర్చుటను చిన్నతనముగా తలపలేదు.

నలువది యేండ్లు దాటిన పిదప, 1904లో గాని అతడు గొప్ప పరిశోధనకు పూనుకొనలేదు. ఆల్ఫా కణములను గూర్చిన కృషి వలన 1907లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 1909లో స్వదేశమునకు మరలి లీడ్సు విశ్వవిద్యాలయమున చేరెను.

1912లో జర్మనీ దేశమున మాక్స్ వాన్ లావే సూచన ననుసరించి ఎక్స్ కిరణములను స్ఫటికము గుండ పంపగా, ఫోటో పలకపై చుక్కలు ఏర్పడెను. ఎక్స్ కిరణములు కణములని బ్రాగ్ అంతవరకు వాదించుచుండెను. ఈ చుక్కలు అవి తరంగములని తెలిపెను. అతని పెద్ద కుమారుడు లారెన్సు, ఇరువదిరెండేండ్ల యువకుడు, పరమాణువుల పొరల నడిమి దూరమునకును, కిరణములు ప్రతిఫలించు కోణమునకును గల సంబంధమును సూత్రముగా కూర్చెను. తండ్రి తన వాదమును పట్టుకొని వ్రేలాడక, ఆ సూత్రమును ఆధారముగా గైకొని పనిచేసెను.

పలకపై చుక్కల స్థానము స్పష్టముగా తెలియును; వాని బలమును మాత్రము నలుపును బట్టి అంచనా వేయవలెను. స్థానము పొరల దూరమును తెలుపగా, బలము ఏ పరమాణువు ఎచట నున్నదో తెలుపును. కావున బలమును అంకెలలో కొలుచుటకు బ్రాగ్ 1913లో ఎక్స్ కిరణ స్పెక్ట్రోమీటరును నిర్మింపజేసెను. దాని నడుమ తిరుగు పీటపై స్ఫటికముండును. దాని చుట్టును వాయువుతో నిండిన పేటిక తిరుగును. కిరణములు సోకగా ఆ వాయువు విద్యుత్తునకు దారి యిచ్చును. అంతట పలుచని బంగారు రేకు కదలును. ఆ కదలికయే కొలత. అడిలైడులో అలవడిన చేతిపని నేర్పు ఇచట ఫలించెను. ఉప్పులో ప్రతి సోడియమును ఆరు క్లోరిన్లు చుట్టియుండుటయు, వజ్రములో ప్రతి కర్బన పరమాణువునకు నలుగురు పొరుగువారుండుటయు లోకమునకు తెలిసెను.

1915వ సంవత్సరము ఆ కుటుంబమునకు సుఖదుఃఖములను ఒక్కసారిగా తెచ్చెను. చిన్న కుమారుడు రాబర్టు గాలిపోలి యుద్ధమున మరణించెను. కొలది వారములలోనే తండ్రికిని, లారెన్సునకును నోబెల్ బహుమానము ప్రకటింపబడెను. సూత్రము కుమారునిదే యని బ్రాగ్ స్పష్టముగా చెప్పుచుండెను.

పెద్ద స్ఫటికములు అన్ని పదార్థములకు లభింపవు. అందుచే 1916లో డిబై, షెరర్ అను వారు పొడి నుండి వచ్చు కిరణములను ఫిల్ముపై పట్టిరి. ఫిల్ము రేఖల నన్నిటిని ఒకేసారి గ్రహించును. స్పెక్ట్రోమీటరు ఒక్కొక్క కోణమునే చూచును, కాని బలమును సరిగా కొలుచును. 1921లో బ్రాగ్ పొడిని బల్లపరుపుగా పరచి, ప్రతిఫలించిన కిరణములు పేటిక ద్వారము చెంత కూడునట్లు అమర్చి, ఆ కొలతను పొడులకును సాధ్యము చేసెను. నేటి ప్రయోగశాలలలోని అనేక యంత్రముల అమరిక బ్రాగ్ పేరును, దానిని వృద్ధిచేసిన బ్రెంటానో పేరును ధరించియున్నది. ఊహించిన నిర్మాణమును కొలతలతో పోల్చి, సరిపడువరకు దిద్దుటకు అవి నేటికిని తోడ్పడుచున్నవి.

1923 నుండి బ్రాగ్ లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనునకు అధిపతియై, కాథ్లీన్ లాన్స్‌డేల్ వంటి శాస్త్రజ్ఞులను ప్రోత్సహించెను. బాలబాలికలకు సులభశైలిలో ఉపన్యాసము లిచ్చెను. 1942 మార్చి 12వ తేదీన దివంగతుడయ్యెను.

నేర్చుటకు వయస్సు అడ్డు కాదనియు, సత్యము ఎదురైనపుడు స్వమతమును విడుచుట ఓటమి కాదనియు బ్రాగ్ జీవితము మనకు తెలుపుచున్నది.